గడ్డకట్టే పెట్టె - చల్లని కుళాయి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



 ఈ సభలో కవులున్నారు, గాయకులున్నారు, ఇప్పుడే పంచాంగ శ్రవణం చేసిన శాస్త్రిగారున్నారు. ఇటువంటి పెద్దల మధ్య యంత్రాల సంగతి చెప్పమని నన్ను నిలబెట్టిన కార్యవర్గంవారి ధైర్యాన్ని మెచ్చుకోవలె. శీతల యంత్రాలతో చాలకాలం పని చేసినవాణ్ణి గనుక నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. ఓపికతో వినవలెనని ప్రార్థన.

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన అబ్బాయిల ఇళ్లలో కొన్నిచోట్ల ఒక తెల్లని పెట్టె కనబడుతున్నది. ఐస్‌క్రీము అంగళ్లలో, పైకి మూత తెరిచే ఫ్రీజరు చూస్తాం గదా, అదే. కాని దాని మీద ఒక చెక్క చట్రం, చట్రానికి ముందువైపు రెండు మూడు కుళాయిలు ఉంటాయి. కుళాయి తిప్పితే చల్లని బీరు వస్తుంది. ఊరినుండి వచ్చిన తల్లిదండ్రులు దాన్ని చూసి, "ఏమిరా ఇది?" అని అడిగితే, "ఏమీ లేదు నాన్నా, సోడా మిషను" అని జవాబు. ఆ జవాబులో సగం నిజమే ఉన్నది. ఆ నిజమైన సగాన్ని గురించే నేను మాట్లాడదలచాను. ఆ పెట్టె ఎట్లా పనిచేస్తుంది, దానిలో ప్రమాదమెక్కడ ఉన్నది, మన కుటుంబాలకు అది దేనికి పనికివస్తుంది, ఈ మూడే నా ప్రశ్నలు.

ఈ విద్య అమెరికానుండి వచ్చినది. ఆ దేశంలో ఇంటి వాడకానికి ఇంట్లోనే బీరు కాచుకొనడానికి 1978లో కేంద్ర చట్టం అనుమతించినది. ఆ తరువాత అక్కడివారు పాత ఫ్రీజర్లను ఇట్లా మార్చుకొనడం మొదలుపెట్టారు. బీరు నింపే ఉక్కు పాత్రను వారు కెగ్ అంటారు. కెగ్, ఫ్రీజరు రెండూ కలిపి దీనికి కీజర్ అని పేరు పెట్టారు. బెంగళూరుకు బీరు కొత్త కాదు. యునైటెడ్ బ్రూవరీస్ సంస్థ ఏర్పడినది 1915లో. 2010 తరువాతి సంవత్సరాలలో తమ బీరు తామే కాచి అమ్మే భోజనశాలలు కూడ ఈ నగరంలో చాల వెలిశాయి. కాని అవి లైసెన్సు పొందినవి. 1965 నాటి కర్ణాటక ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే మద్యం తయారుచేయడం నిషిద్ధం. బీరూ ఆ మాటలో చేరినదే. అమెరికాలో స్నేహితుడు కాచుకుంటున్నాడు గదా అని ఇక్కడ కాచరాదు. ఈ సంగతి మన పిల్లలు ముందే తెలుసుకొనడం మంచిది. పెట్టెను మార్చుకొనడం మాత్రం నేరం కాదు. అందులో ఏమి పోస్తామన్నదే ప్రశ్న.

ఇక యంత్రం సంగతి. మన ఇళ్లలో మట్టికుండ నీళ్లు ఎందుకు చల్లబడతాయో అందరికీ తెలుసు. కుండ చెమరుస్తుంది, ఆ తడి ఆవిరవుతుంది, ఆవిరి కావడానికి కావలసిన వేడిని కుండలోని నీటినుండే లాక్కుంటుంది. ఫ్రీజరు చేసేది కూడ ఇదే. గోడలలోని గొట్టాలలో ఒక ద్రవం ఆవిరవుతూ పెట్టెలోని వేడిని పీలుస్తుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి పెట్టె వెలుపలి గొట్టాలలోకి పంపుతుంది. అక్కడ వేడి వదిలి మళ్లీ ద్రవమవుతుంది. కుండలో ఆవిరి గాలిలో కలిసిపోతుంది, ఇక్కడ తిరిగి వస్తుంది. తేడా అంతే. ఈ యంత్రాలు రాకముందు దొరలు చల్లదనం కోసం ఎంత అవస్థపడ్డారో చూడండి. 1833లో అమెరికానుండి ఓడలో మంచుగడ్డలు కలకత్తాకు వచ్చాయి. మద్రాసులో ఆ మంచు దాచడానికి 1842లో కట్టిన ఐస్ హౌసు సముద్రపు ఒడ్డున నేటికీ ఉన్నది. వివేకానందస్వామి 1897లో అక్కడ బస చేయడంవల్ల ఇప్పుడు ఆయన పేరుతో నిలిచినది. ఇక్కడ శివనసముద్రం విద్యుత్తు 1902లో కోలారు బంగారు గనులకు, 1905లో బెంగళూరుకు వచ్చినది. ఆ తీగల వెంటనే క్రమంగా చల్లదనమూ మన గడపలోకి వచ్చినది.

ఫ్రీజరు, ఫ్రిజ్ రెండూ ఒకే రకపు యంత్రాలు. రెండింటికీ తేడా ఎక్కడ ఆగవలెనన్నదే. ఫ్రీజరు సున్నాకు దిగువ 18 డిగ్రీల దగ్గర ఆగుతుంది. పానీయానికి కావలసినది సున్నాకు పైన 4 డిగ్రీలు. ఫ్రీజరులోని థర్మోస్టాట్‌ను ఎంత తిప్పినా సాధారణంగా అంత పైకి రాదు. అందుకని దాని జోలికే పోకుండ, గోడ ప్లగ్గుకూ ఫ్రీజరుకూ నడుమ ఒక చిన్న ఉష్ణ నియంత్రణ పెట్టెను అమరుస్తారు. దాని తీగ చివర ఉన్న గుండు లోపలి వేడిమిని కొలుస్తుంది. నాలుగు డిగ్రీలకు దిగగానే కరెంటు ఆపుతుంది, అయిదు ఆరు డిగ్రీలకు ఎక్కగానే మళ్లీ ఇస్తుంది. ఈ ఏర్పాటులో ఫ్రీజరు శరీరంలో ఒక్క మరైనా విప్పనక్కరలేదు. రేపు మళ్లీ ఫ్రీజరే కావలెనంటే ఆ చిన్న పెట్టె తీసివేస్తే చాలు.

ఆ కొలిచే గుండును గాలిలో వేలాడదీయరాదు. మూత తెరవగానే గాలి వేడెక్కుతుంది, మూయగానే చల్లబడుతుంది. దానితో కంప్రెసర్ మాటిమాటికీ మొదలై ఆగుతూ త్వరలో చెడిపోతుంది. గుండును పానీయపు పాత్రకు ఆనించి, పైన స్పంజి ముక్క వేసి కట్టవలె, లేదా నీళ్లసీసాలో దించవలె. నీటికి నిదానమెక్కువ. ఇంకొక సంగతి. కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్లీ నడపరాదు. గొట్టాలలో రెండువైపులా ఒత్తిడి సమం కావడానికి మూడునుండి అయిదు నిమిషాలు పడుతుంది. అంత ఆలస్యం ఇచ్చే ఏర్పాటు నియంత్రణ పెట్టెలో ఉన్నదో లేదో చూసి కొనవలె. కరెంటు పోయి వెంటనే వచ్చే పేటలలో ఇది మరీ ముఖ్యం.

పైకి తెరిచే పెట్టెయే ఎందుకు, నిలువు ఫ్రిజ్ చాలదా అని అడగవచ్చు. చల్లని గాలి బరువైనది. నిలువు ఫ్రిజ్ తలుపు తెరిస్తే అది కిందినుండి జారి పోతుంది. పెట్టెలో, బావిలో నీరులా నిలిచి ఉంటుంది. పాత్రలు నిలబెట్టడానికి చోటూ ఎక్కువ. అయితే కుళాయి కోసం పెట్టె గోడకు రంధ్రం చేయడం పెద్ద పొరపాటు. ఆ గోడల లోపలే గొట్టాలుంటాయి, అవి ఎక్కడున్నవీ పైకి కనబడవు. డ్రిల్లు తగిలితే యంత్రం పోయినట్టే. పైగా ఈనాటి ఫ్రీజర్లు చాలవాటిలో ఉండేది ఐసోబ్యూటేను, అది మండే వాయువు. అందుకనే చెక్క చట్రం. మూత బందులు విప్పి, పెట్టె అంచు కొలతకు సరిపడా జానెడు ఎత్తు చట్రం చేయించి, సిలికాన్ బంకతో అంచుకు అతికి, మూతను ఆ చట్రానికి బిగిస్తారు. కుళాయిలు, గొట్టాలు అన్నీ చెక్కలోనుండే పోతాయి. చట్రం లోపలివైపు థర్మోకోలు వంటి పలక అంటించవలె. లేకపోతే చల్లదనమంతా చెక్కగుండానే పోతుంది.

కరెంటు ఖర్చు ఎంతని గృహిణులు అడుగుతారు. గది 27 డిగ్రీలు ఉన్నదనుకొందాం. ఫ్రీజరుగా వాడితే లోపలికీ బయటికీ తేడా 45 డిగ్రీలు. పానీయాల పెట్టెగా వాడితే 23. గోడలగుండా లోనికి వచ్చే వేడి దాదాపు సగానికి తగ్గుతుంది. తక్కువ లోతునుండి నీళ్లు తోడడం సులభమైనట్టు, వేడిని తోడడం కూడ సులభమవుతుంది. కనుక అదే పెట్టెకు ఖర్చు సగంకంటె తక్కువే. కాని ఇంట్లో ఉన్న ఫ్రిజ్ చాలుతూ ఉంటే, సరదాకు రెండవ పెట్టె కొని నడపడం పొదుపు కాదు.

ఫ్రీజరుగా ఉన్నప్పుడు లోపలి తేమ గోడలకు మంచై అంటుకుంటుంది. నాలుగు డిగ్రీల వద్ద అది నీరై అడుగున చేరుతుంది. పది రోజులు చూడకపోతే బూజు పడుతుంది. సిలికాజెల్ వంటి తేమ పీల్చే పదార్థం ఒక గిన్నెలో ఉంచి, వారానికొకసారి పొడిగుడ్డతో తుడవవలె. అడుగు ఎక్కువ చల్లగా, పైభాగం వెచ్చగా ఉంటుంది గనుక కంప్యూటరులో వాడే చిన్న పంకా ఒకటి లోపల పెడితే గాలి కలుస్తుంది. తడీ కరెంటూ ఒకచోట ఉన్నప్పుడు ఎర్తు సరిగా ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు, కరెంటు కారితే వెంటనే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ స్విచ్చి తప్పనిసరి.

ఇప్పుడు గ్యాసు సంగతి. సోడాకు పుట్టిల్లు సారాయి భట్టీయే అంటే మీరు నవ్వవచ్చు. 1767లో ఇంగ్లండులోని లీడ్స్ పట్నంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే మతగురువు బీరు భట్టీ పక్కన కాపురముండేవాడు. పులిసే తొట్టి మీద నిలిచే బొగ్గుపులుసు గాలిని నీటిలో కలిపి చూశాడు, నీరు రుచిగా ఉన్నది. అదే సోడా. దానినే 1872లో హైరం కాడ్ అనే ఆయన పేటెంటు పొందిన గోలీ సీసాలో మనం తాగి పెరిగాం. 1803లో విలియం హెన్రీ దీని లెక్క తేల్చాడు. ఒత్తిడి పెరిగినకొద్దీ ద్రవంలో ఎక్కువ గ్యాసు కరుగుతుంది. చల్లదనం పెరిగినా అంతే. 4 డిగ్రీల నీటిలో పట్టే గ్యాసులో సగమే 28 డిగ్రీల నీటిలో పడుతుంది. వెచ్చని సోడా తెరవగానే పొంగిపోవడానికి కారణమిదే. కుళాయి సోడాకు చల్లని పెట్టె కావడానికీ కారణమిదే.

అంకెలు చెబుతాను. 4 డిగ్రీల వద్ద బీరుకు చదరపు అంగుళానికి 11 పౌన్ల ఒత్తిడి పెడితే లీటరు ద్రవంలో రెండున్నర లీటర్ల గ్యాసు కరుగుతుంది. ఘాటైన సోడాకు 25 పౌన్లు పెడితే నాలుగు లీటర్లు. ఇవి సముద్రమట్టపు లెక్కలు. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది, ఇక్కడి గాలి ఒత్తిడి పదోవంతు తక్కువ. ముల్లు చూపేది బయటిగాలి పైన ఎంత అన్నదే గనుక ఇక్కడ ప్రతి అంకెకూ సుమారు ఒకటిన్నర పౌను కలుపుకోవలె. విజయవాడలో సరిగా వచ్చిన సోడా ఇక్కడ చప్పగా ఉన్నదంటే తప్పు యంత్రానిది కాదు, మన ఎత్తుది. పాత్రనుండి కుళాయి వరకు పోయే గొట్టం సన్నగా, అయిదు మిల్లీమీటర్ల రంధ్రంతో సుమారు మూడు మీటర్లు ఉంటే, ఆ దారిలో వేగం తగ్గి గ్లాసులో నురుగు తక్కువగా పడుతుంది.

ఇక ప్రమాదాలు. 25 డిగ్రీల వద్ద గ్యాసు సిలిండరులోని ఒత్తిడి చదరపు అంగుళానికి 900 పౌన్లకు పైన. కారు టైరులో ఉండేది 30 పౌన్లు. నడుమ రెగ్యులేటరు లేకుండ ఆ సిలిండరును ఏ పాత్రకూ కలపరాదు. పాత్ర కూడ ఒత్తిడి కోసం చేసినదే, ఎక్కువైతే తనంతట తాను వదిలే కవాటం ఉన్నదే కావలె. పాలక్యానుతో సరిపెట్టుకొందామనే వారుంటారు. ఎనిమిది అంగుళాల వెడల్పు మూత మీద 30 పౌన్ల ఒత్తిడి పెడితే ఆ మూతను తోసే బలం 1,500 పౌన్లు, అంటే ఏడు క్వింటాళ్లకు కాస్త తక్కువ. మూత ఎగిరితే ఇంటి కప్పు కూడ ఆపలేదు.

ఇంతకంటె పెద్ద ప్రమాదం చప్పుడు లేనిది. ఈ గ్యాసుకు రంగు లేదు, మనకు తెలిసే వాసన లేదు, గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువు. రెండున్నర కిలోల చిన్న సిలిండరు పూర్తిగా కారిపోతే సుమారు 1,400 లీటర్ల గ్యాసు వెలువడుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తుగల గదిలో పట్టే గాలి 28,300 లీటర్లు. అంటే గదిలో ఇంచుమించు అయిదు పాళ్లు ఈ గ్యాసే. కార్ఖానాలలో ఎనిమిది గంటల పనికి అనుమతించే హద్దు నూటికి అర పాలు మాత్రమే. అయిదు పాళ్లకు తలనొప్పి, ఆయాసం. పది పాళ్లకు స్పృహ తప్పడం. అదీ గది అంతటా సమంగా కలిస్తే. బరువైనది గనుక ముందు నేలబారున చేరుతుంది. మన ఇళ్లలో నేలమీద చాప వేసుకొని పడుకొనేది ఎవరు? పసిపిల్లలు, ఊరినుండి వచ్చిన అమ్మమ్మలు. 1986లో ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో న్యోస్ అనే సరస్సునుండి ఈ గ్యాసే ఒక రాత్రి పొంగి చుట్టుపక్కల పల్లెలలో సుమారు 1,700 మందిని బలిగొన్నది. చిన్న ఫ్లాట్లలో చోటు లేక పడకగదిలోనే ఈ పెట్టె పెట్టుకుంటున్న అబ్బాయిలకు నా గట్టి మనవి ఇది: సిలిండరును పడకగదిలో ఉంచవద్దు. బాల్కనీలో నీడపట్టున, గోడకు గొలుసుతో కట్టి నిలబెట్టండి. ప్రతి బిగింపుకూ సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. పని లేనప్పుడు సిలిండరు కవాటం మూయండి. పెట్టె అడుగున కూడ ఈ గ్యాసు నిలుస్తుంది గనుక శుభ్రం చేయడానికి తల లోపల పెట్టేముందు మూత కాసేపు తెరిచి ఉంచండి.

పిల్లలున్న ఇంట్లో మరొక జాగ్రత్త. దాగుడుమూతలాడే పిల్లలకు పెద్ద పెట్టె కనిపిస్తే అందులో దూరవలెననిపిస్తుంది. లోపలినుండి తెరుచుకోని ఫ్రిజ్‌లలో చిక్కి పిల్లలు చనిపోవడంవల్ల అమెరికాలో 1956లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. లోపలినుండి తోస్తే తలుపు తెరుచుకోవలెనని దాని సారాంశం. వాడుతున్న పెట్టెకు తాళం వేసి తాళంచెవి పెద్దల దగ్గర ఉంచవలె. వాడని పాత పెట్టెకు మూతే ఊడదీయవలె.

ఇన్ని ప్రమాదాలు చెప్పి, ఇక ఇది మనకెందుకంటారా? వచ్చే శ్రీరామనవమిని తలచుకోండి. ఇది బెంగళూరు ఎండలు ముదిరే కాలం. ఈ ఊళ్లో వీధివీధినా పందిళ్లు వేసి కన్నడ సోదరులు పానకం, నీరుమజ్జిగ, కోసంబరి పంచుతారు. మనం పానకం, వడపప్పు పంచుతాం. గ్లాసుకు 150 మిల్లీలీటర్ల చొప్పున అయిదు వందల మందికి 75 లీటర్ల పానకం కావలె. దానిని 28 డిగ్రీలనుండి 4 డిగ్రీలకు మంచుగడ్డతో దించవలెనంటే లెక్క ప్రకారం సుమారు 22 కిలోల మంచు పట్టుతుంది. ఆ 22 లీటర్ల నీళ్లూ పానకంలోనే కలుస్తాయి. బెల్లం, మిరియాలు, శొంఠి అన్నీ పలచబడతాయి. అంతకంటె ముఖ్యం, చేపలు నిలవ చేసే మంచుకు ఏ నీళ్లు వాడారో ఎవరికి తెలుసు? దేవుడికి నైవేద్యం పెట్టి పిల్లల చేతికిచ్చే పానీయంలో ఆ నీళ్లా కలపడం? అదే 75 లీటర్లు 19 లీటర్ల ఉక్కు పాత్రలు నాలుగింటిలో పడతాయి. నాలుగూ ఒక పెట్టెలో నిలుస్తాయి. చిన్న కంప్రెసర్ కూడ పధ్నాలుగు పదిహేను గంటలలో ఆ వేడి తోడివేయగలదు. ముందురోజు ఉదయం పెడితే పండుగనాటికి సిద్ధం. కరెంటు రెండు మూడు యూనిట్లు.

పానకానికి, మజ్జిగకు గ్యాసు అక్కరలేదు. చేతిపంపుతో నాలుగయిదు పౌన్ల గాలి ఒత్తిడి పెడితే కుళాయికి ఎక్కుతుంది. అంటే నేను చెప్పిన గ్యాసు ప్రమాదమంతా అక్కడ లేదు. కాని పానకాన్ని పలచని గుడ్డతో రెండుసార్లు వడగట్టవలె. కరివేపాకు, అల్లం ముక్కలు మజ్జిగ గ్లాసులోనే వేయవలె. లేకపోతే గొట్టం పూడుతుంది. సోడా కావలసినవారు ఒక పాత్రలో గ్యాసు నింపిన నీళ్లు పెట్టుకొని, రాయలసీమ మిత్రులు తెచ్చే నన్నారి పాకం గ్లాసులో పోసి కుళాయి తిప్పితే సుగంధి సోడా తయారు. పని అయిన సాయంత్రమే గొట్టాలలో వేడినీళ్లు, తరువాత పాత్రలు కడిగే సోడా నీళ్లు, మళ్లీ మంచినీళ్లు పంపి ఆరబెట్టవలె. మజ్జిగ వాడిన గొట్టం ఒక్కరోజు ఆగినా పనికిరాదు.

కార్యవర్గంవారికి నా సూచన ఒకటే. ఈ విద్య వచ్చిన అబ్బాయిలు మన సంఘంలోనే ఉన్నారు. వారిని చాటుగా మందలించి ఊరుకోక, పిలిచి పని చెప్పండి. పాత పెట్టె ఒకటి బాగుచేయించి, చట్రం కట్టించి, నవమినాటికి సంఘానికి ఒక చల్లని పందిరి ఏర్పాటు చేయమనండి. పెద్దలు పానకపు పాళ్లు చెప్పండి, వారు ఒత్తిడి పాళ్లు చూసుకుంటారు. తెలివిగల పిల్లవాడికి నలుగురికీ ఉపయోగపడే పని దొరికితే, ఇంట్లో సగం నిజం చెప్పవలసిన అవసరం ఉండదు.

యంత్రానికి చల్లబరచడమే తెలుసు. ఎక్కడ ఆగవలెనో, ఏమి పోయవలెనో మనం చెప్పవలె.